పాత డీడీఆర్4 ర్యామ్ ఉంచుకుని బోర్డు మార్చాలా, ఏఎం5కే వెళ్లాలా?

మండల_డీటీపీ:
అందరికీ నమస్కారం. సిద్దిపేట దగ్గర ఒక మండల కేంద్రంలో డీటీపీ, ఫ్లెక్సీ డిజైనింగ్ సెంటర్ నడుపుతున్నాను. 2017లో కొన్న సిస్టం: ఐ3 7100, హెచ్110 మదర్‌బోర్డు, 2400 వేగం డీడీఆర్4 ర్యామ్ 8 జీబీవి రెండు, 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్, 450 వాట్ల లోకల్ ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు ఇచ్చే పెట్టె). నెల రోజులుగా ఒక ర్యామ్ స్లాట్ పనిచేస్తే చేస్తోంది, లేకపోతే లేదు. స్టిక్‌లు అటూ ఇటూ మార్చి చూశాను. స్టిక్‌లు రెండూ బాగున్నాయి, స్లాట్‌దే తప్పు. దానికి తోడు విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. నాది 7వ తరం ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. కస్టమర్ల ఆధార్ కాపీలు, బ్యాంకు పనులు కూడా ఇదే సిస్టంలో నడుస్తాయి. అందుకే టెన్షన్‌గా ఉంది.

బడ్జెట్ 22 వేలు. అంతకు మించి ఇప్పుడు పెట్టలేను. జిల్లా కేంద్రంలో ఒక షాపులో అడిగితే "ఏఎం5 తీసుకో, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నారు. ఏఎం5 అంటే ఏఎండీ కంపెనీ కొత్త ప్రాసెసర్లు పట్టే సాకెట్. కానీ దానికి కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ కావాలట. కొటేషన్ చూస్తే ర్యామ్ ధర బోర్డు ధరని దాటిపోయింది. నా 16 జీబీ ర్యామ్ పక్కన పడేసి అంత డబ్బు పెట్టడం సరైనదేనా? లేక పాత ర్యామ్ పెట్టుకునేలా బోర్డు, ప్రాసెసర్ మాత్రమే మార్చుకోవాలా? వాడేవి: ఫోటోషాప్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు. గేములు ఆడను.

గుంటూరు_గేమర్:
అన్నా, నేను ఏఎం5 వైపే ఉంటాను. కారణం నా అనుభవం. 2018లో బీ350 బోర్డు మీద రైజెన్ 3 1200 పెట్టుకున్నాను. 2022లో అదే బోర్డుకి బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 పెట్టాను. బోర్డు మార్చలేదు, ర్యామ్ మార్చలేదు, విండోస్ మళ్లీ ఎక్కించలేదు. నాలుగు కోర్ల నుంచి ఆరు కోర్లకి, అదీ మూడు తరాలు దాటి వెళ్లాను. ఇంటెల్‌లో అప్పటి బోర్డు మీద ఈ పని జరిగేది కాదు. మీ హెచ్110నే చూడండి, 7వ తరంతో దాని దారి మూసుకుపోయింది. 8వ తరానికీ సాకెట్ పేరు అదే, కానీ మీ బోర్డు మీద అది నడవదు.

ఏఎం5 2022 సెప్టెంబర్‌లో వచ్చింది. 2027 వరకు, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ స్వయంగా ప్రకటించింది. ఏ620 బోర్డు తీసుకుని రైజెన్ 5 8500జీ ప్రాసెసర్ పెట్టుకోండి, గ్రాఫిక్స్ అందులోనే ఉంటాయి. డీడీఆర్4 బోర్డు కొనడమంటే అయిపోయిన దారిలోకి మళ్లీ వెళ్లడమే.

పార్క్‌లేన్_అసెంబ్లర్:
నేను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పదిహేనేళ్లుగా సిస్టంలు అసెంబుల్ చేస్తున్నాను. గేమర్ తమ్ముడు చెప్పినది నిజమే, కానీ ఆయన ఏఎం4 (ఏఎం5కి ముందు తరం సాకెట్) కొత్తగా వచ్చిన రోజుల్లో ఎక్కాడు, చివర్లో లాభపడ్డాడు. నా దగ్గర బోర్డు కొన్నవాళ్లలో అదే బోర్డు మీద ప్రాసెసర్ మార్చుకోవడానికి తిరిగొచ్చినవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది ఆరేడేళ్లు వాడి మొత్తం మార్చేస్తారు. డీటీపీ వాళ్లయితే మరీ. సిస్టం విప్పితే ఆ రోజు పని ఆగిపోతుంది కదా.

ఇక ర్యామ్ సంగతి. మెమరీ చిప్‌లు చేసే కంపెనీలు తమ లైన్లని ఏఐ సర్వర్లకు వాడే మెమరీ వైపు తిప్పేశాయి. 2025 చివరికొచ్చేసరికి ధరలు ఎలా ఎగిరాయో కౌంటర్ దగ్గర నిలబడి చూశాను. ఉదయం చెప్పిన రేటు సాయంత్రానికి నిలబడని రోజులున్నాయి. మైక్రాన్ అయితే డిసెంబర్‌లో తన క్రూషియల్ బ్రాండ్ రిటైల్ వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటి సమయంలో పనిచేస్తున్న 16 జీబీ చేతిలో ఉంటే అది సగం సిస్టంతో సమానం. దాన్ని డ్రాయర్‌లో పడేసి డీడీఆర్5 కొనమని నేను ఎవరికీ చెప్పను.

నా మాట: డీడీఆర్4 స్లాట్లున్న ఇంటెల్ హెచ్610 బోర్డు, ఐ5 12400 ప్రాసెసర్. మీ బడ్జెట్‌లో వచ్చేస్తుంది. ఒక జాగ్రత్త. హెచ్610లో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. పేరు చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటుంది, చివర్లో డీ4 అనే అక్షరాలే తేడా. డీడీఆర్5 స్లాట్‌లో మీ స్టిక్ దిగదు, గాటు వేరే చోట ఉంటుంది. బాక్స్ విప్పే ముందే చూసుకోండి.

విజయవాడ_వీడియో:
మరి ఏఎం4 సంగతి ఎవరూ మాట్లాడరేం? ఏ520 బోర్డు, రైజెన్ 5 5600జీ పెడితే ఇంటెల్ సెట్ కన్నా కాస్త తక్కువలోనే అయిపోతుంది. లోపలి గ్రాఫిక్స్ కూడా 12400 కన్నా చాలా మెరుగు. నేను పెళ్లి ఆల్బంలు దాని మీదే చేస్తున్నాను.

పార్క్‌లేన్_అసెంబ్లర్:
ఆ గ్రాఫిక్స్‌కి ర్యామ్ వేగమే ఊపిరి, తమ్ముడూ. ఈయన స్టిక్‌లు 2400వి. రైజెన్‌కి లోపల డేటా నడిచే దారి (బస్) కూడా ర్యామ్ వేగంతో పాటే నడుస్తుంది. కాబట్టి 3200 స్టిక్‌లతో నువ్వు చూసే పనితనం ఆయనకి రాదు. 12400కి 2400 పెట్టినా అంతగా తెలియదు. ఫోటోషాప్‌లో చాలా పనులు ఒక్క కోర్ వేగం మీదే నడుస్తాయి, అక్కడ కూడా 12400దే పైచేయి. ఇంకో సంగతి. పాత స్టాక్ బీ450 బోర్డు ఇస్తే 5600జీకి బయోస్ అప్‌డేట్ కావాలి. పాత ప్రాసెసర్ లేకుండా ఆ పని చేసే సౌకర్యం అన్ని బోర్డుల్లో ఉండదు. హెచ్610, 12400 రెండూ 2022 జనవరిలో పుట్టినవి. ఏ రోజు కొన్న బోర్డయినా 12400ని గుర్తుపడుతుంది.

విజయవాడ_వీడియో:
2400 స్టిక్‌లని నేను గమనించలేదు. అలాగైతే ఒప్పుకుంటాను. కొత్త ర్యామ్ కొనేవాళ్లకి మాత్రం నా మాట నాదే.

అనంత_ల్యాబ్:
అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఇక్కడ అందరూ ప్రాసెసర్ పేర్ల మీద కొట్టుకుంటున్నారు గానీ, ఈయన పనికి ముఖ్యమైనది ఎవరూ అడగలేదు. బాబూ, మీరు చేసే ఫ్లెక్సీలు ఎంత సైజువి? పని చేసేటప్పుడు ర్యామ్ ఎంత నిండుతోంది?

మండల_డీటీపీ:
మేడమ్, మామూలుగా 6×4, 10×8 అడుగులు. ఎన్నికలు, జాతరలు, పెళ్లిళ్లు వస్తే 20×10 అడుగులు కూడా ఉంటాయి. అంగుళానికి 72 పిక్సెళ్ల రిజల్యూషన్, సీఎంవైకే (ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతి). పెద్దవి తెరిస్తే 16 జీబీ పూర్తిగా నిండిపోయి హార్డ్ డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతుంది. ఒక ఫోటో జరిపితే అర నిమిషం ఆగాలి. ఇప్పుడు ఒక స్లాట్ పోయి 8 జీబీతోనే చేస్తున్నాను, చెప్పలేనంత ఇబ్బంది.

అనంత_ల్యాబ్:
లెక్క వేద్దాం. 20 అడుగులంటే 240 అంగుళాలు, 72తో గుణిస్తే 17,280 పిక్సెళ్లు. 10 అడుగులకి 8,640. రెండూ గుణిస్తే దాదాపు 15 కోట్ల పిక్సెళ్లు. సీఎంవైకేలో పిక్సెల్‌కి నాలుగు బైట్లు. అంటే నిండా రంగున్న ఒక్క లేయరే సుమారు 600 ఎంబీ. మీరు బ్యాక్‌గ్రౌండ్, గ్రేడియంట్, దేవుడి బొమ్మ, పైన రెండు వరుసల ఫోటోలు పెడతారు. వెనక్కి వెళ్లడానికి ఫోటోషాప్ దాచుకునే హిస్టరీ ఉంటుంది. 16 జీబీ ఎలా సరిపోతుంది? ర్యామ్ నిండగానే అది డిస్క్ మీద రాసుకోవడం మొదలుపెడుతుంది. ఆ లైటు అందుకే వెలుగుతోంది.

కాబట్టి ఈయనకి ఆరు కోర్లు కాదు కావలసింది, ముందు ముందు 32 జీబీ. ఇప్పుడు హెచ్610 బోర్డు చూడండి. ఆ చిప్‌సెట్‌లో ర్యామ్ స్లాట్లు రెండే. ఆ రెండూ ఈ 8 జీబీ స్టిక్‌లతో నిండిపోతాయి. రేపు ర్యామ్ పెంచాలంటే ఉన్నవి తీసేసి 16 జీబీవి రెండు కొనాలి. చేతిలో ఉన్న ర్యామ్ సగం సిస్టంతో సమానం అని అసెంబ్లర్ గారే అన్నారు. మరి దాన్ని ఏడాది తర్వాత బయట పడేసే బోర్డు ఎలా చెప్పారు? నాలుగు స్లాట్లున్న బీ660 గానీ బీ760 గానీ డీడీఆర్4 బోర్డు తీసుకుంటే ఈ రెండూ అలాగే ఉంటాయి, మరో రెండు 8లు చేర్చుకోవచ్చు. బడ్జెట్ చాలకపోతే ప్రాసెసర్ ఐ3 12100కి దించండి. దాని టాప్ స్పీడ్ 4.3 గిగాహెర్ట్జ్, 12400ది 4.4. ఒక్క కోర్ పనిలో మీకు తేడా తెలియదు.

పార్క్‌లేన్_అసెంబ్లర్:
మేడమ్, ఐ5ని ఐ3కి దించమని చెప్పడం నాకు మనసొప్పడం లేదు. ఫోటోషాప్ తెరిచి, పక్కన కోరల్, వెనకాల బ్రౌజర్‌లో పది ట్యాబులు, ప్రింటింగ్. నాలుగు కోర్లు అలిసిపోతాయి. బోర్డుకి ఎక్కువ, ప్రాసెసర్‌కి తక్కువ పెట్టిన సిస్టంలు కొన్నవాళ్లే తర్వాత వచ్చి స్లో అని అడుగుతారు. ఇది నేను రోజూ చూసే విషయం.

అనంత_ల్యాబ్:
మీరు చూసే ఆ సిస్టంలలో ర్యామ్ ఎంత ఉంటుంది? 8 జీబీ ఒక్క స్టిక్ పెట్టి అమ్మినవి అయితే అది ప్రాసెసర్ తప్పు కాదు. ఆయన ఇప్పుడు వాడుతున్న 7100లో రెండు కోర్లే ఉన్నాయి. 12100లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్‌లు, ఒక్కో కోర్ కూడా చాలా వేగం. ఆయన దృష్టిలో అది పెద్ద మెట్టే. ప్రాసెసర్ రెండేళ్ల తర్వాత మార్చుకోవచ్చు, అదే సాకెట్‌లో 12, 13, 14 మూడు తరాలున్నాయి. స్లాట్లు మాత్రం తర్వాత అతికించలేం.

గుంటూరు_గేమర్:
మేడమ్ చెప్తున్నది నేను మొదట చెప్పిన మాటే కదా. ముందు మంచి బోర్డు, తర్వాత ప్రాసెసర్. అదే సూత్రంతో చూస్తే ఏఎం5 ఇంకా మంచిది.

అనంత_ల్యాబ్:
22 వేలు గుర్తుపెట్టుకోండి. ఏఎం5లో ఆ డబ్బుకి ఆయనకి ఎంత ర్యామ్ వస్తుంది? 8 జీబీ. ఈ రోజు వాడుతున్నంతే. మీరు మొదటి రోజు నుంచీ అన్నీ కొత్తవి కొనేవాళ్లయితే మీ మాటే వింటాను.

గుంటూరు_గేమర్:
8 జీబీతో ఈ పని జరగదు, అది నిజమే. ర్యామ్ ధరలు దిగాక ఈ చర్చ మళ్లీ చేద్దాం.

కడప_రిఫర్బ్:
ఇంత ఆలోచన ఎందుకు? కంపెనీల నుంచి వచ్చే 8వ తరం ఐ5 ఆఫీస్ డెస్క్‌టాప్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. విండోస్ 11 నడుస్తుంది, డీడీఆర్4 పడుతుంది. బడ్జెట్‌లో డబ్బు మిగులుతుంది కూడా.

పార్క్‌లేన్_అసెంబ్లర్:
ఆఫీస్ పనికి అయితే నేనూ అదే ఇస్తాను. కానీ ఆ బోర్డుల సైజు, పవర్ కనెక్టర్, ముందు బటన్ల వైర్లు చాలావరకు ఆ కంపెనీ సొంతం. బోర్డు పోతే బజార్లో దొరికే మామూలు బోర్డు అందులో కూర్చోదు. ఎస్‌ఎంపీఎస్ పోయినా అంతే. పల్లెలో షాపు నడిపేవాడికి ఒక్క రోజు ఆగినా నష్టమే కదా.

నిన్న రాత్రి ఇంటికెళ్లాక మేడమ్ లెక్క మళ్లీ వేసుకున్నాను. 600 ఎంబీ లేయర్ లెక్క నేను ఎప్పుడూ వేయలేదు. ఈయన పనికి నాలుగు స్లాట్ల బోర్డే సరైనది. నా సలహా మార్చుకుంటున్నాను: బీ760 డీడీఆర్4, నాలుగు స్లాట్లు, ఐ3 12100. ఇంకో లాభం కూడా ఉంది. బీ760 బోర్డుల మీద ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే విభాగం చౌక హెచ్610 కన్నా గట్టిగా, చాలావాటిలో హీట్‌సింక్‌తో ఉంటుంది. రేపు పెద్ద ప్రాసెసర్ పెట్టినా తట్టుకుంటుంది.

కొనేటప్పుడు ఇవి చూసుకో తమ్ముడూ. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే వద్దు. అందులో గ్రాఫిక్స్ ఉండవు, బోర్డు వెనక హెచ్‌డీఎంఐ, వీజీఏ ఉన్నా తెర నల్లగానే ఉంటుంది. బాక్స్ ప్రాసెసరే తీసుకో. బాక్స్ లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్ కాస్త తక్కువకి వస్తుంది గానీ ఫ్యాన్ రాదు, నీ పాత ఫ్యాన్ ఈ సాకెట్ రంధ్రాలకి కలవదు. నీ ఎస్‌ఎంపీఎస్‌లో ప్రాసెసర్ పవర్ వైరు 4 పిన్నులదా, 8 పిన్నులదా చూడు. 4 పిన్నులదైతే సిస్టం ఆన్ అయినా దాంతో నడపొద్దు. తొమ్మిదేళ్ల లోకల్ ఎస్‌ఎంపీఎస్‌ని కొత్త బోర్డుకి తగిలించడం నాకు అసలు ఇష్టం లేదు. ముందు దాన్ని మార్చు, అవసరమైతే ఎర్తింగ్ కూడా సరిచేయించుకో. పల్లెల్లో వోల్టేజ్ దెబ్బకి పోయిన బోర్డులు నా టేబుల్ మీదకి ఎన్నో వచ్చాయి.

అనంత_ల్యాబ్:
ఇంకొకటి నేను చెప్తాను, ఇది నష్టపోయి నేర్చుకున్నది. ఇంటెల్ బోర్డుల్లో సన్నని పిన్నులు బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. రెండేళ్ల క్రితం ల్యాబ్‌కి కొన్న బోర్డుల్లో ఒకటి మూడో నెలలో ఆగిపోయింది. వారంటీ మూడేళ్లు. ప్రాసెసర్ తీసి, బోర్డుని మూత లేకుండా కవర్లో పెట్టి సర్వీస్ సెంటర్‌కి పంపాం. అక్కడికి చేరేసరికి పిన్నులు వంగి ఉన్నాయని, ఫిజికల్ డ్యామేజ్ అని తిప్పి పంపేశారు. దారిలో వంగాయో, అక్కడ వంగాయో ఎలా నిరూపిస్తాం? కాలేజీ డబ్బు పోయింది. సాకెట్ మీద వచ్చే నల్ల ప్లాస్టిక్ మూత పారేయకండి. షాపులోనే సాకెట్‌ని ఫోన్‌తో ఫోటో తీయండి.

డల్లాస్_తెలుగు:
మా తమ్ముడికి ఇక్కడి నుంచి బోర్డు తెద్దామని ఒకసారి అనుకున్నాను. కనుక్కుంటే ఆ బోర్డు వారంటీ కొన్న దేశంలోనే అన్నారు. ప్రాసెసర్ తెప్పించుకోవచ్చేమో గానీ, బోర్డు మాత్రం మీ ఊరికి దగ్గర్లో జీఎస్‌టీ బిల్లుతో కొనుక్కోండి.

మండల_డీటీపీ:
నిన్న సికింద్రాబాద్ వెళ్లి కొన్నాను. బీ760 డీడీఆర్4 బోర్డు, నాలుగు స్లాట్లు, వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండూ ఉన్నాయి. ఐ3 12100 బాక్స్. ఎస్‌ఎంపీఎస్ కూడా 8 పిన్నుల వైరున్నది మార్చాను. 22 వేల లోపే అయింది. ఐ5 తీసుకుంటే ఎస్‌ఎంపీఎస్‌కి డబ్బు మిగిలేది కాదు. రాత్రి బిగించాను, రెండు స్టిక్‌లూ కనిపిస్తున్నాయి.

కానీ ఒక సమస్య. పాత ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే విండోస్ లోడ్ అవ్వడం లేదు, నేరుగా బయోస్‌కే వెళ్తోంది. బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ పేరు మాత్రం కనిపిస్తోంది. ఎల్లుండి డెలివరీ ఇవ్వాల్సిన డిజైన్లు అందులోనే ఉన్నాయి. భయంగా ఉంది.

పార్క్‌లేన్_అసెంబ్లర్:
భయపడకు, డేటాకి ఏమీ కాలేదు. 2017లో నీ విండోస్‌ని పాత లెగసీ బూట్ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత తరహా విభజన ఉన్న డిస్క్ మీద వేసి ఉంటారు. కొత్త బోర్డులో లోపలి గ్రాఫిక్స్‌తో నడిపితే లెగసీ బూట్ ఉండదు, యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి ఒక్కటే, దానికి డిస్క్ జీపీటీ విభజనలో ఉండాలి. ఎస్‌ఎస్‌డీ తీసి పాత బోర్డుకే తగిలించి ఆన్ చెయ్. ముందు డిజైన్లన్నీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకో. తర్వాత విండోస్ 10లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే డిస్క్‌ని చెరపకుండా జీపీటీకి మారుస్తుంది. ముందు వ్యాలిడేట్ కమాండ్‌తో పరీక్షించి, సరే అంటేనే కన్వర్ట్ ఇవ్వు. ఆ తర్వాత దాన్ని పాత బోర్డులో లెగసీగా బూట్ చేయాలని చూడొద్దు, కొత్త దానికి తగిలించు. బయోస్‌లో పీటీటీ ఆన్‌లో ఉందో లేదో చూడు. విండోస్ 11 అడిగే టీపీఎం (భద్రతా మాడ్యూల్) అదే.

అనంత_ల్యాబ్:
బోర్డు మారింది కాబట్టి విండోస్ యాక్టివేషన్ కూడా పోవచ్చు. మీది సిస్టంతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ అయితే అది పాత బోర్డుకే కట్టుబడి ఉంటుంది, కొత్తది కొనాలి. రిటైల్ కీ అయితే మార్చుకోవచ్చు. ఇది ముందే చెప్పాల్సింది, బడ్జెట్‌లో కలిపేవారు.

మండల_డీటీపీ:
అన్నా, పనిచేసింది! పొద్దున్నే పాత బోర్డుకి తగిలించి కాపీ చేసుకుని, మీరు చెప్పినట్టే మార్చాను. కొత్త బోర్డు మీద మొదటిసారి ఆన్ అయినప్పుడు డ్రైవర్లకి పది నిమిషాలు పట్టింది. అను ఫాంట్లు, ఫోటోషాప్ అలాగే ఉన్నాయి. పీటీటీ ఆన్ చేశాక విండోస్ 11కి అర్హత ఉందని చూపిస్తోంది. లైసెన్స్ నాది రిటైల్ కీయే మేడమ్, మళ్లీ యాక్టివేట్ అయింది.

20×10 జాతర ఫ్లెక్సీ ఫైల్ తెరిచి చూశాను. ఇంకా ర్యామ్ నిండుతోంది, మేడమ్ లెక్క తప్పు కాదు. కానీ ఫోటో జరిపితే ఇప్పుడు మూడు, నాలుగు సెకన్లే. ర్యామ్ నిండితే ఫోటోషాప్ రాసుకునే స్క్రాచ్ డిస్క్ హార్డ్ డిస్క్ మీద ఉండేది, దాన్ని ఎస్‌ఎస్‌డీకి మార్చాను. ఖాళీగా ఉన్న రెండు స్లాట్లకి సెకండ్ హ్యాండ్ 8 జీబీ స్టిక్‌లు ఎక్కడైనా దొరికితే చెప్పండి.

విజయవాడ_వీడియో:
స్టిక్‌లు కొనేటప్పుడు 2400వే కావాలని లేదు. 2666, 3200వి పెట్టినా అన్నీ తక్కువ వేగానికి దిగి కలిసి నడుస్తాయి. కొనేముందు మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే సాఫ్ట్‌వేర్) నడిపి చూడండి. మా దగ్గర ఒకాయన పాత సిస్టంలు తీసేస్తున్నారు, కనుక్కుని చెప్తాను.

అనంత_ల్యాబ్:
సాకెట్ మూత?

మండల_డీటీపీ:
బోర్డు బాక్స్‌లోనే ఉంది మేడమ్, బిల్లుతో పాటు. షాపులో బిగించకముందే సాకెట్ ఫోటో కూడా తీసుకున్నాను.